ప్యానెల్ ముందు 950 మి.మీ. ఉంది, చాలదంటున్నారు (480 వోల్ట్, ఎదురుగా కాంక్రీట్ గోడ)

డ్రాయింగ్‌బోర్డ్
అందరికీ నమస్కారం. మేం కట్టిన ప్యాకింగ్ మెషీన్ ఒకటి అమెరికా వెళ్తోంది. సప్లై 480 వోల్ట్ త్రీ ఫేజ్, స్టార్, న్యూట్రల్ ఎర్త్ చేసి ఉంది. కంట్రోల్ ప్యానెల్ నేల మీద నిలబడేది. వెడల్పు 800, లోతు 500, ఎత్తు 2000, కింద 100 ప్లింత్. డోర్ ఒకటే. ప్యానెల్ ముఖం నుంచి ఎదురు గోడకి 950 మి.మీ. గోడ కాంక్రీట్ బ్లాకులది. ప్యానెల్ వీపుకీ మెషీన్ ఫ్రేమ్‌కీ మధ్య 300 ఖాళీ వదిలాం.

కస్టమర్ తరఫు సేఫ్టీ ఆయన లేఅవుట్ మీద ఎర్ర ఇంకుతో "వర్కింగ్ స్పేస్ చాలదు" అని రాసి పంపాడు. ఎంత చాలదో, ఎందుకు చాలదో రాయలేదు. ఇదే ప్యానెల్ యూరప్‌లో ముందు 700 వదిలితే పాసైంది. లోపల అంతా ఐపీ20, వేలు పెట్టినా లైవ్ తగలదు. పైగా పవర్ ఆపి, లాక్ వేశాకే డోర్ తీయాలని మా మాన్యువల్‌లోనే ఉంది. ఇంకేం కావాలి ఈయనకి? లేఅవుట్ ఫ్రీజ్ చేయాల్సిన టైమ్ దగ్గర పడింది, కొంచెం చెప్పండి.

స్పేర్‌కాంటాక్ట్
ఆయన చూస్తున్నది ఎన్‌ఈసీ, అంటే అమెరికా ఎలక్ట్రికల్ కోడ్, అందులో 110.26. అందులో లోతుకి ఒక టేబుల్ ఉంటుంది. దాన్ని చదవడానికి రెండు సంగతులు తేలాలి. భూమితో పోలిస్తే వోల్టేజ్ ఎంత? ఎదురుగా ఏముంది?

నీది 480 స్టార్, న్యూట్రల్ ఎర్త్, కాబట్టి ఫేజ్ నుంచి భూమికి 277. అంటే 151 నుంచి 600 వోల్టుల వరుస. ఆ వరుసలో మూడు కండిషన్లు. ఎదురుగా లైవ్ గానీ ఎర్త్ గానీ ఏమీ లేకపోతే 3 అడుగులు, అంటే 914 మి.మీ. ఎదురుగా ఎర్త్ అయిన వస్తువు ఉంటే మూడున్నర అడుగులు, అంటే 1067, టేబుల్‌లో 1.07 మీటర్లని అచ్చు వేస్తారు. ఎదురుగా కూడా లైవ్ పార్టులుంటే 4 అడుగులు, 1.22 మీటర్లు.

కాంక్రీట్, ఇటుక, టైల్ గోడల్ని ఎర్త్ అయినట్టే లెక్కేయమని ఆ రూల్లోనే ఉంది. కాబట్టి నీకు రెండో కండిషన్, 1067 కావాలి. నీ దగ్గరున్నది 950. ఎర్ర ఇంకు అందుకే.

యూరప్ సంగతి వేరు. అక్కడ వాడే అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఈసీ 60364-7-729 లో ప్యానెల్ ముందు నడవా వెడల్పు 700 అనే అంకె వస్తుంది. ఆ లెక్క ఈ లెక్కకి పనికిరాదు.

త్రీఫేజ్
నాకు ఒక డౌట్. 110.26 మొదట్లో "లైవ్‌లో ఉండగా పరీక్ష, సర్దుబాటు, సర్వీస్, మెయింటెనెన్స్ అవసరమయ్యే అవకాశమున్న ఈక్విప్‌మెంట్" అనే ఉంది కదా. లాకౌట్ (పవర్ ఆపి తాళం వేయడం) లేకుండా డోర్ తీయరు, లోపలంతా ఐపీ20. మరి లైవ్‌లో పనెక్కడ జరుగుతుంది? ఈ ప్యానెల్‌కి ఆ రూలే పట్టదని వాదించొచ్చు. ఇన్‌స్పెక్టర్లు చాలామంది టేబుల్ చూస్తారు గానీ పైన రాసిన వాక్యం చదవరు.

బస్‌బార్_బాబాయ్
త్రీఫేజ్, ఈ వాదన నేను చాలా మీటింగుల్లో విన్నాను. కాగితం మీద బాగానే నిలబడుతుంది, ప్యానెల్ ముందు నిలబడదు.

లాక్ వేశావు. తర్వాత ఏం చేస్తావు? వోల్టేజ్ లేదని నిర్ధారించుకోవాలి. ముందు తెలిసిన లైవ్ మీద మీటర్ చూడాలి, తర్వాత ఇక్కడ చూడాలి, మళ్ళీ వెళ్ళి తెలిసిన లైవ్ మీద చూడాలి. మధ్యలో చేసే ఆ టెస్ట్ అయ్యేదాకా ఆ ప్యానెల్ లైవే. లేదని తేలేవరకు ఉన్నట్టే అని మనకి మొదటిరోజే నేర్పిస్తారు. ఆ టెస్ట్ చేసే మనిషి నిలబడేది ఎక్కడ? ఈ ఖాళీలోనే.

ఇంకోటి. మెయిన్ ఐసోలేటర్ ప్యానెల్ లోపలే ఉంది కదా? హ్యాండిల్ ఆఫ్ చేసి తాళం వేసినా ఇన్‌కమింగ్ టెర్మినల్స్ మీద 480 అలాగే ఉంటుంది. మీ తాళం దానికి తెలియదు.

ఐపీ20 గురించి కూడా. 12.5 మి.మీ. పైబడిన వస్తువు లోపలికి పోదని దాని అర్థం. వేలు పోదు, సరే. మీటర్ ప్రోబ్ మొన కూడా పోకపోతే కొలిచేదెలా? జారిపడ్డ స్క్రూ, తెగిన స్ట్రాండ్ కూడా పోతాయి. ఐపీ20 మంచిదే, ఉండాలి. అది మనిషి వెనక్కి తగ్గడానికి చోటివ్వదు.

నైట్‌షిఫ్ట్
బాబాయ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు. డ్రాయింగ్ వేసేవాళ్ళ కోసం ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను.

రాత్రి మెషీన్ ఆగిపోతుంది. డోర్ తీస్తాం. మీటర్ వెనక అయస్కాంతం ఉంటే డోర్‌కి అంటిస్తాం, లేకపోతే మెడలో వేలాడుతుంది. రెండు చేతుల్లో రెండు ప్రోబులు. కాంటాక్టర్ కాయిల్ మీద వోల్టేజ్ వస్తోందా లేదా అని చూడాలంటే మోచేతులు బయటికి రావాలి. టెర్మినల్ స్ట్రిప్ అడుగున ఉంటుంది, నేల నుంచి జానెడు ఎత్తులో. దానికోసం గొంతుక్కూర్చోవాలి. గొంతుక్కూర్చుంటే మోకాళ్ళు ముందుకి, నడుము వెనక్కి వస్తాయి. నిలబడినప్పుడు చాలినట్టు కనబడే 700 అప్పుడు ఏ మూలకీ చాలదు. వీపు గోడకి ఆనుతుంది, తల ప్యానెల్లోకి వంగుతుంది. చెమట పట్టిన చొక్కా, వెనక కాంక్రీట్. ఎదురుగా లైవ్, వెనక ఎర్త్, మధ్యలో మనం. ఆ టేబుల్లో రెండో కండిషన్ అంటే ఇదే.

నేను పనిచేసిన ఒకచోట నడవా 600 ఉండేది. టెస్ట్ చేస్తుంటే ఎవరో వెనకనుంచి సర్దుకుని వెళ్ళబోయి భుజం తగిలించారు, ప్రోబ్ జారింది. ఫేజుల మధ్య చిన్న మెరుపు, ఫ్యూజ్ పోయింది, మనిషికేం కాలేదు. తర్వాత జరిగిన ఎంక్వైరీలో రాసుకున్నది మాత్రం "అజాగ్రత్త" అని.

కొత్తట్రైనీ
సీనియర్లకి నమస్తే. అడగొచ్చో లేదో తెలియదు. సప్లై 480 అయితే 277 ఎందుకు చూస్తున్నాం? ఇంకోటి, రెండు ప్యానెల్స్ ఎదురెదురుగా ఉంటే మూడో కండిషన్ కదా, ఒక్కోదానికి 4 అడుగుల చొప్పున మధ్యలో 8 వదలాలా? అలాగే మెషీన్ మీద చిన్న చిన్న 24 వోల్ట్ డీసీ బాక్సులుంటాయి, వాటి ముందు కూడా ఇంత వదలాలా?

స్పేర్‌కాంటాక్ట్
అడగొచ్చు తమ్ముడూ, మంచి ప్రశ్నలే.

టేబుల్ తలకట్టులోనే "భూమితో పోలిస్తే" అని ఉంది. మనిషి ఒంటికి తగిలే దారి ఎక్కువగా లైవ్ నుంచి భూమికే కాబట్టి అలా పెట్టారు. 208/120 సిస్టమ్ అయితే భూమికి 120 వోల్టులే, అప్పుడు మొదటి వరుస, ఏ కండిషన్ అయినా 3 అడుగులే. కానీ ఎర్త్ చేయని 480 డెల్టా వస్తే జాగ్రత్త. అక్కడ భూమికి వోల్టేజ్ అంటే ఫేజుల మధ్య ఉండే గరిష్ఠ వోల్టేజ్, అంటే 480 గా లెక్కేయాలి. నీ వరుస మారదు గానీ లెక్క రాసేటప్పుడు సరిగ్గా రాయాలి. ఇంకో చిక్కు 240/120 హై-లెగ్ డెల్టా, అంటే ఒక వైండింగ్ నడిమధ్యన ఎర్త్ చేసిన డెల్టా. అందులో ఒక ఫేజ్ భూమికి 208 చూపిస్తుంది. 120 అనుకుని మొదటి వరుస తీసుకుంటే తప్పు.

ఎదురెదురు ప్యానెల్స్‌కి మధ్యలో మొత్తం 4 అడుగులు చాలు. రెండూ అదే చోటు వాడుకుంటాయి. పక్కపక్క ప్యానెల్స్ వర్కింగ్ స్పేస్‌లు కూడా ఒకదానిమీద ఒకటి పడొచ్చు. వెడల్పు విషయంలో ప్యానెల్ వెడల్పు, 762 మి.మీ. ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది. 300 వెడల్పున్న చిన్న బాక్స్‌కి కూడా 762 కావాలి. అది బాక్స్‌కి సరిగ్గా నడిమధ్యన ఉండక్కర్లేదు, ఎడమకో కుడికో జరగొచ్చు.

24 వోల్ట్ డీసీకి సడలింపు ఉంది. 30 వోల్ట్ ఏసీ, 60 వోల్ట్ డీసీ దాటకపోతే ప్రత్యేక అనుమతితో తగ్గించుకోవచ్చు. అనుమతి అంటే అక్కడి ఇన్‌స్పెక్షన్ అధికారి రాతపూర్వకంగా ఇచ్చేది. మనకి మనం ఇచ్చుకునేది కాదు.

త్రీఫేజ్
సరే, టెస్టింగ్ దగ్గర ఓడిపోయాను, ఒప్పుకుంటా. కానీ ఒక చవక మార్గం ఉంది. ఎదురు గోడకి ప్లైవుడ్ కొట్టి, దానిమీద ఇన్సులేటింగ్ రబ్బర్ షీట్ అతికిస్తే ఎదురుగా ఎర్త్ లేనట్టే కదా. అప్పుడు మొదటి కండిషన్, 914 చాలు. ఉన్నది 950. పని అయిపోయింది.

ప్యానెల్‌పావని
ఆ ప్లైవుడ్ ఎన్నాళ్ళుంటుంది త్రీఫేజ్ గారూ? రెండో ఏడు ఎవరో దానికి స్క్రూలు కొట్టి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తగిలిస్తారు. ఇన్సులేటింగ్ మెటీరియల్‌తో కప్పడం గురించి రూల్లో ఉన్న మాట రెండువైపులా లైవ్ పార్టులున్న సందర్భంలో వస్తుంది, కాంక్రీట్ గోడని మాయం చేయడానికి కాదు. కొందరు ఇన్‌స్పెక్టర్లు ఒప్పుకోవచ్చేమో. అలా ఒప్పుకున్నా సరే, మెషీన్ జీవితాంతం ఒక ప్లైవుడ్ ముక్క మీద ఆధారపడే లేఅవుట్ నేనైతే ఇవ్వను.

డ్రాయింగ్‌బోర్డ్ గారూ, నన్ను రెండు ప్రశ్నలు అడగనివ్వండి. ఒకటి, వెనక ఆ 300 ఎందుకు వదిలారు? రెండు, 950 కొలిచింది గోడ దాకానా, లేక గోడ మీద ఉన్న వస్తువు దాకానా?

డ్రాయింగ్‌బోర్డ్
పావని గారూ, వెనక ప్లేట్ మీద ఫ్యాన్, ఫిల్టర్ ఉన్నాయి. గాలి ఆడాలని 300 వదిలాం. అంతకు మించి కారణం లేదు. కేబుల్స్ అన్నీ అడుగు గ్లాండ్ ప్లేట్ నుంచే వస్తాయి, వెనక నుంచి చేయాల్సిన పనేమీ లేదు.

రెండో ప్రశ్నకి ఇప్పుడే కస్టమర్ పంపిన ఫోటోలు తీశాను. వాళ్ళ డ్రాయింగ్‌లో గోడ ఖాళీగా ఉంది. ఫోటోలో నడుమెత్తులో ఒక ఫైర్ వాటర్ పైపు పోతోంది, క్లాంపులతో కలిపి గోడ నుంచి 90 మి.మీ. బయటికి ఉంది.

నైట్‌షిఫ్ట్
చూశారా! ఎప్పుడూ ఒక పైపుంటుంది.

ప్యానెల్‌పావని
అయితే మీకున్నది 950 కాదు, 860. వర్కింగ్ స్పేస్ నేల నుంచి పైదాకా మొత్తం ఖాళీగా ఉండాలి, మధ్యలో ఎక్కడ పొడుచుకొచ్చినా కొలత అక్కడిదాకానే. పైగా అది ఇనుప పైపు, గోడకంటే మంచి ఎర్త్. త్రీఫేజ్ గారి ప్లైవుడ్ ఇప్పుడు పైపు చుట్టూ కూడా చుట్టాలి.

తక్కువ పడింది 207. వెనక 300 ఉంది. సమాధానం మీ డ్రాయింగ్‌లోనే దొరికింది. వెనకా పక్కలా పని అవసరం లేని డెడ్-ఫ్రంట్ (ముందువైపు లైవ్ బయటికి కనబడని) ప్యానెల్‌కి, కనెక్షన్లూ మార్చాల్సిన పార్టులూ అన్నీ ముందు నుంచే అందేటప్పుడు, వెనక వర్కింగ్ స్పేస్ అక్కర్లేదని 110.26 లోనే ఉంది. ఫ్యాన్ ఫిల్టర్ తీసి పక్క ప్లేట్ మీదకి మార్చండి, వేడి గాలి పై నుంచి పోనివ్వండి. ప్యానెల్‌ని వెనక్కి 250 జరపండి, వెనక 50 మిగుల్చుకోండి. ముందు 860 కి 250 కలిస్తే 1110.

200 మాత్రమే జరిపితే 1060 వస్తుంది. ఏడు మిల్లీమీటర్లు తక్కువ. టేపు పట్టుకుని వచ్చే మనిషికి ఆ ఏడు చాలు. పైగా యాంకర్ బోల్టుల రంధ్రాలు సైట్‌లో 20, 30 అటూ ఇటూ పడతాయి. డ్రాయింగ్ మీద 1067 అని గీసి పంపితే అక్కడ 1067 రాదు. నలభై మార్జిన్ ఉంచుకోండి.

ఫిల్టర్‌ని డోర్ మీదకి మాత్రం తేకండి. కూలింగ్ యూనిట్ అయితే అసలే వద్దు. డోర్ మీద 200 పొడుచుకొచ్చే డబ్బా పెట్టి, ముందు మళ్ళీ కొలత వెతుక్కోవడం ఎందుకు?

బస్‌బార్_బాబాయ్
వెనక 300 అనగానే నాకు మన పాత రూలు గుర్తొచ్చింది. ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ 1956, 51వ రూలు. తర్వాత అదే 2010 సీఈఏ (సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ) సేఫ్టీ రెగ్యులేషన్లలో 37వ దాంట్లోకి వచ్చింది. స్విచ్‌బోర్డ్ ముందు మీటర్‌కి తగ్గకుండా ఖాళీ ఉండాలి. వెనకవైపు అటాచ్‌మెంట్లు గానీ బేర్ కనెక్షన్లు గానీ ఉంటే, వెనక ఖాళీ 20 సెంటీమీటర్ల కంటే తక్కువైనా ఉండాలి, 75 కంటే ఎక్కువైనా ఉండాలి. బయటికి పొడుచుకొచ్చిన చివరి పార్ట్ నుంచి కొలవాలి. 75 దాటితే ఏ చివర నుంచైనా వచ్చే దారి ఉండాలి, 1.8 మీటర్ల ఎత్తు ఖాళీగా.

మా రోజుల్లో కుర్రాళ్ళని ఇదే అడిగేవాళ్ళం, మధ్యలోది ఎందుకు కూడదని. 20 లోపైతే మనిషి దూరలేడు. 75 దాటితే దూరి, పని చేసి, బయటికి రాగలడు. ఆ మధ్యలో ఎంతైనా సరే, మనిషి పక్కకి తిరిగి దూరతాడు, అక్కడ ఇరుక్కుంటాడు. రూలు రాసినవాడెవడో నడవాలో దూరి చూసినవాడే అయ్యుంటాడు.

డ్రాయింగ్‌బోర్డ్ ప్యానెల్ వెనక బేర్ కనెక్షన్లు లేవు కాబట్టి ఈ రూలు దానికి నేరుగా తగలదు. కానీ 300 అనే ఖాళీ ఎవరికీ ఉపయోగపడని ఖాళీ. చెత్త చేరడానికి, స్పానర్ పడిపోవడానికి.

కొత్తట్రైనీ
అంటే ఇదే ప్యానెల్ మన దగ్గర 415 వోల్టుల మీద పెట్టినా 950 చాలదన్నమాట?

బస్‌బార్_బాబాయ్
చాలదు. 250 వోల్టులు దాటిన స్విచ్‌బోర్డ్‌కి మీటర్ అనే మాట ఉంది. మెషీన్ కంట్రోల్ ప్యానెల్ స్విచ్‌బోర్డ్ కిందకి వస్తుందా రాదా అని కొందరు వాదిస్తారు. నేనైతే ఆ వాదనలోకి దిగకుండా మీటర్ వదిలేస్తాను. 2023 లో కొత్త రెగ్యులేషన్లు వచ్చాయి, పని మొదలుపెట్టేముందు అవి చూసుకో. పాత నోట్స్ నమ్ముకోవద్దు, నావైనా సరే.

త్రీఫేజ్
వెనక 50 అంటున్నారు, లోపల డ్రైవ్‌లకి పైనా కిందా 100 వదలాలని వాటి మాన్యువల్‌లో ఉంటుంది కదా?

ప్యానెల్‌పావని
అది లోపలి సంగతి, గాలి కోసం. మనం మాట్లాడేది బయట మనిషి కోసం. డ్రైవ్ మాన్యువల్ అంకె డ్రైవ్‌కి, 110.26 అంకె మనిషికి. రెండూ కలపొద్దు. అమెరికాలో కంట్రోల్ ప్యానెల్స్‌కి వేసే యూఎల్ 508ఏ లేబుల్ కూడా అంతే, అది ప్యానెల్ ఎలా కట్టారో చెబుతుంది, ఎక్కడ నిలబెట్టారో దానికి పట్టదు. లేబుల్ ఉంది కాబట్టి క్లియరెన్స్ పాస్ అని అనుకునేవాళ్ళు చాలామంది.

స్పేర్‌కాంటాక్ట్
1110 వచ్చింది, లోతు తేలింది. ఇప్పుడు డోర్ చూద్దాం. దీన్ని ఎవరూ డ్రాయింగ్ మీద తెరిచి చూడరు.

డోర్ కనీసం 90 డిగ్రీలు తెరుచుకోవాలి. నీది 800 వెడల్పు ఒకటే డోర్. 90 దగ్గర నిలబెడితే 1110 లో మిగిలేది 310. మనిషి డోర్‌కి ఒక పక్కన ఉంటే, బయటికి దారి రెండో పక్కన ఉంటే, ఆ 310 లోంచి పోవాలి. పొగ కమ్మితే పోలేడు. ఐఈసీ 60364-7-729 లో తెరిచిన డోర్ దగ్గర కూడా కనీసం 500 దారి మిగలాలని ఉంది. ఎన్‌ఈసీ ఇటీవలి ఎడిషన్లు కూడా పెద్ద ఈక్విప్‌మెంట్ దగ్గర తెరిచిన డోర్లు దారికి అడ్డు రాకూడదంటున్నాయి. నీది 1200 ఆంప్స్ ప్యానెల్ కాదు కాబట్టి ఆ పెద్ద ఈక్విప్‌మెంట్ లెక్క నీకు పట్టదు. అయినా పట్టించుకోవాల్సిందే.

రెండు దార్లు. ఒకటి, రెండు రెక్కల డోర్. ఒక్కో రెక్క 400, తెరిస్తే 710 మిగులుతుంది. రెండు, హింజ్ ఎటువైపు పెట్టాలో ఆలోచించు. మనిషి పారిపోయే దిక్కున డోర్‌కి తగిలితే, ఆ తోపుకి డోర్ మూసుకుపోవాలి, ఇంకా తెరుచుకుని గోడలా నిలబడకూడదు. అంటే హింజ్ బయటికి పోయే దారికి అవతలి వైపు ఉండాలి. డోర్ ఆపే స్టే రాడ్ గట్టిగా లాక్ అయ్యే రకమైతే ఈ లాభం పోతుంది, అదీ చూసుకో. నడవా ఒక చివర మూసి ఉందా?

డ్రాయింగ్‌బోర్డ్
ఎడమ చివర మెషీన్ హాపర్ ఉంది, మూసినట్టే. దారి కుడివైపే. ఇప్పుడు హింజ్ కుడివైపు ఉంది. స్టాండర్డ్ ఎన్‌క్లోజర్ అలాగే వచ్చింది, మేం మార్చలేదు.

ప్యానెల్‌పావని
ఎన్‌క్లోజర్లు చాలావరకు హింజ్ మార్చుకునేలానే వస్తాయి, నాలుగు స్క్రూల పని. కానీ నేను రెండు రెక్కలకే ఓటేస్తాను. మెషీన్ల ఎలక్ట్రికల్ స్టాండర్డ్ ఐఈసీ 60204-1 డోర్ 0.9 మీటర్ల కంటే వెడల్పు వద్దని, కనీసం 95 డిగ్రీలు తెరుచుకోవాలని సిఫార్సు చేస్తుంది. 800 దానికి లోబడే ఉంది గానీ, మీ నడవాకి ఎక్కువ.

రెండు రెక్కలైతే ఐసోలేటర్ హ్యాండిల్ ఏ రెక్క మీద ఉందో చూసుకోవాలి. హ్యాండిల్ ఉన్న రెక్క ముందు తెరుచుకోవాలి, రెండోది దాని అంచు కింద పట్టుబడి ఉండాలి. లేకపోతే ఐసోలేటర్ ఆన్‌లో ఉండగానే రెండో రెక్క తెరుచుకుంటుంది, ఇంటర్‌లాక్ పేరుకే మిగులుతుంది. హ్యాండిల్ ఎత్తు కూడా ఒకసారి చూడండి. అదే స్టాండర్డ్‌లో 0.6 నుంచి 1.9 మీటర్ల మధ్య ఉండాలి, 1.7 దాటకపోతే మేలని ఉంది. ప్లింత్ 100 కలిపి కొలవండి.

నైట్‌షిఫ్ట్
ప్లింత్ అన్నారు కాబట్టి, పైన ఏముంది? కేబుల్ ట్రే కనబడుతోందా ఫోటోలో? హెల్మెట్ పెట్టుకుని లేస్తే తల కొట్టుకునేది దానికే.

డ్రాయింగ్‌బోర్డ్
ఉంది. నడవా మీదుగా, ప్యానెల్ ముఖానికి 400 ముందు, నేల నుంచి 2050 ఎత్తులో. 2 మీటర్లు దాటింది కదా అని వదిలేశాం.

స్పేర్‌కాంటాక్ట్
ఎత్తు లెక్క ఆరున్నర అడుగులు, అంటే 2.0 మీటర్లు. లేదా ఈక్విప్‌మెంట్ ఎత్తు. రెండిట్లో ఏది ఎక్కువైతే అది. నీ ప్యానెల్ ప్లింత్‌తో కలిపి 2100. కాబట్టి 2100 దాకా ఖాళీ ఉండాలి, 2050 ట్రే లోపలికి వచ్చినట్టే. ప్యానెల్ పైనో కిందో ఉండే సంబంధిత ఎలక్ట్రికల్ సామాన్లు ముఖం నుంచి 150 మి.మీ. వరకు ముందుకి రావచ్చని ఒక వెసులుబాటు ఉంది. ట్రే 400 ముందుంది కాబట్టి అది కుదరదు. ట్రేని 2100 పైకి లేపమను, లేదా పక్కకి జరపమను. ప్యానెల్‌ని వెనక్కి 250 జరిపాక ట్రే ఇంకా ముందుకి, 650 దగ్గరికి పోతుంది, అయినా వర్కింగ్ స్పేస్ లోపలే.

ప్యానెల్ నెత్తిమీద నీళ్ళ పైపులు పోకూడదనే ఇంకో రూలు ఉంది, డెడికేటెడ్ స్పేస్ అంటారు, పైకి 6 అడుగుల దాకా. అది స్విచ్‌బోర్డులు, స్విచ్‌గేర్, ప్యానెల్‌బోర్డులు, ఎంసీసీలకి (మోటార్ కంట్రోల్ సెంటర్లకి) పేరు పెట్టి చెప్పింది. మెషీన్ కంట్రోల్ ప్యానెల్ ఆ జాబితాలో లేదు. అయినా నీళ్ళ పైపు కింద ప్యానెల్ పెట్టమని ఎవరూ అనరనుకో.

నైట్‌షిఫ్ట్
అసలు శత్రువు వేరే ఉన్నాడు. మీరు 1110 కాదు, రెండు మీటర్లు వదిలినా ఆరు నెలల్లో అక్కడ ప్యాలెట్లు వస్తాయి. ఖాళీగా కనబడిన చోటల్లా స్టోర్ అయిపోతుంది. "చక్రాల ట్రాలీయే కదా, అవసరమైతే నెట్టేస్తాం" అంటారు. రాత్రి దాని బ్రేక్ పట్టి ఉంటుంది, మీద అట్టపెట్టెలుంటాయి. వర్కింగ్ స్పేస్‌ని స్టోరేజీకి వాడకూడదని ఆ 110.26 లోనే ఉంది, ట్రాలీకి మినహాయింపు లేదు. నేల మీద పెయింట్ గీతలు గీయించి డ్రాయింగ్‌లో కూడా ఆ పెట్టె చూపించండి. గీత ఉంటే ఫోర్క్‌లిఫ్ట్ వాడితో పోట్లాడటానికి కనీసం ఒక ఆధారం ఉంటుంది.

త్రీఫేజ్
చివరి సందేహం. 1.07 మీటర్లు వదిలితే ఆర్క్ ఫ్లాష్ (షార్ట్ అయినప్పుడు వచ్చే మెరుపు, మంట) నుంచి కూడా రక్షణ ఉన్నట్టేనా?

బస్‌బార్_బాబాయ్
లేదు, ఈ రెండూ కలిపేస్తే ప్రమాదం. ఆర్క్ ఫ్లాష్ లెక్కల్లో ఐట్రిపుల్‌ఈ 1584 ప్రకారం ఇలాంటి లో వోల్టేజ్ ప్యానెల్ దగ్గర వర్కింగ్ డిస్టెన్స్ 455 మి.మీ. అంటారు. అది ఆర్క్ పుట్టే చోటు నుంచి మనిషి ముఖం, ఛాతీ దాకా దూరం. ప్రోబ్ పట్టుకుంటే చెయ్యంత దూరమే కదా. నువ్వు వెనక ఎంత వదిలినా టెస్ట్ చేసే క్షణంలో ముఖం అక్కడే ఉంటుంది. ఆర్క్ ఫ్లాష్ బౌండరీ ఫాల్ట్ కరెంట్‌ని బట్టి, బ్రేకర్ ఎంతసేపట్లో తెరుచుకుంటుందన్న దాన్ని బట్టి మారుతుంది. ఒక్కోచోట ఆ నడవా మొత్తం దాటి పోతుంది. దానికి వేసుకునే బట్టలు, ముఖం షీల్డ్, స్టడీ రిపోర్ట్ వేరే పని. క్లియరెన్స్ ఇచ్చేది కాళ్ళకి చోటు, పక్కకి తప్పుకునే అవకాశం. అంతే.

డ్రాయింగ్‌బోర్డ్
అందరికీ చాలా థ్యాంక్స్. లేఅవుట్ మార్చాను. ప్యానెల్ 250 వెనక్కి, ఫ్యాన్ ఫిల్టర్ కుడి పక్కకి, డోర్ రెండు రెక్కలు, హ్యాండిల్ కుడి రెక్క మీద. ట్రేని 2200 కి లేపమని కస్టమర్‌కి రాశాను. నేల గీతలు డ్రాయింగ్‌లో చూపించాను. కస్టమర్ తరఫున ఒక మాట వచ్చింది. నడవాలో లైట్లకి మోషన్ సెన్సర్ పెడతారట, కరెంట్ ఆదాకి. దానికేమైనా అభ్యంతరం ఉందా?

స్పేర్‌కాంటాక్ట్
సెన్సర్ ఒక్కదాని మీదే మొత్తం వెలుతురు వదలకూడదు. ఎన్‌ఈసీలో ఆ నిషేధం స్విచ్‌బోర్డులు, ప్యానెల్‌బోర్డులు, ఎంసీసీల ముందు లైటింగ్‌కి రాశారు, నీ ప్యానెల్‌కి మాటకి మాట వర్తించకపోవచ్చు. కానీ ప్యానెల్లోకి తల పెట్టి కదలకుండా కొలుస్తున్నవాడిని సెన్సర్ ఎవరూ లేరనుకుంటుంది, లైట్ ఆరిపోతుంది. ప్రోబులు లైవ్ మీద ఉండగా. ఒక ఫిక్స్చర్‌కైనా మామూలు స్విచ్ పెట్టమను. ఈ ఉత్తరంతోపాటు వాళ్ళు ఎన్‌ఈసీ ఏ ఎడిషన్ పాటిస్తున్నారో కూడా అడుగు. ఒక్కో రాష్ట్రం ఒక్కో ఎడిషన్ దగ్గర ఉంటుంది. ఆ సమాధానం రాతలో ఉంచుకో.

నైట్‌షిఫ్ట్
ఆ స్విచ్ హాపర్ చివర కాకుండా నడవాలోకి అడుగుపెట్టే చోట, కుడివైపు పెట్టించండి. చీకట్లో తడుముకుంటూ ప్యానెల్ దాటి వెళ్ళి వేయాల్సిన పని లేకుండా.